బోల్తా పడ్డాక మళ్లీ ఎక్కే విద్య

కాయక్ అంటే ఒకరు, మహా అయితే ఇద్దరు కూర్చుని తెడ్డుతో నడుపుకునే సన్నని పొడవాటి పడవ. దాని మీద నీళ్ల మధ్యకు వెళ్లి గాలం వేయడం అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో లక్షల మంది వ్యాపకం. తెలుగు నేల మీద ఆ పని ఎప్పటినుంచో పుట్టి చేస్తోంది. రెండూ పుట్టిన తీరులో ఒక పోలిక ఉంది. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కట్టెలతో, తిమింగలం ఎముకలతో చట్రం కట్టి, దానికి సీల్ తోలు తొడిగి కాయక్ చేసుకున్నారు. దక్కన్‌లో వెదురు బద్దలతో పెద్ద గంప అల్లి, దానికి ఎద్దుతోలు తొడిగి పుట్టి చేసుకున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర దాటించే ఈ గుండ్రని తోలు గంపలను గురించి రాశాడు. వాటిలో పదిహేను ఇరవై మంది పట్టేవారట, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటించేవారట. తర్వాతి కాలంలో తోలు పోయి తారు పూసిన పట్టా వచ్చింది. ఇప్పుడు చాలా చోట్ల ఫైబర్ పుట్టి తిరుగుతోంది.

చిన్న పడవ ఏదైనా దానికొక స్వభావం ఉంటుంది. మనిషి బరువు దాని బరువుకంటే ఎక్కువ. మనిషి ఒక పక్కకు ఒరిగితే పడవా ఒరుగుతుంది. ఇన్యూట్‌లు ఆ సంగతి మొదటే గ్రహించారు. మంచునీళ్లలో పడితే నిమిషాల్లో ప్రాణం పోతుంది కాబట్టి, పడవ తలకిందులైనా అందులోంచి బయటకు రాకుండా, తెడ్డు ఒడుపుతో, నడుము విసురుతో గుండ్రంగా తిరిగి పైకి లేచే విద్య సాధించారు. కాయక్ నడపడమంటే వాళ్ల లెక్కలో ఆ విద్య కూడా కలిసే ఉంది. యూరప్ వాళ్లలో దాన్ని మొదట సాధించినవాడిగా చెప్పుకునే ఆస్ట్రియా దేశస్థుడు హన్స్ పావ్లాటా 1927లో గానీ చేయలేకపోయాడు.

ఇవాళ చేపల వేటకు వాడే కాయక్ వేరే రకం. లోపల దూరి కూర్చునేది కాదు, పీట మీద కూర్చున్నట్టు పైన కూర్చునేది. ప్లాస్టిక్‌తో ఒకే ముక్కగా పోతపోసిన గుల్ల అది. పొడవు పది పన్నెండు అడుగులు, వెడల్పు సుమారు 75 నుంచి 90 సెంటీమీటర్లు. లోపలంతా గాలే కాబట్టి తిరగబడ్డా మునగదు. పైన చేరిన నీళ్లు అడుగున ఉన్న రంధ్రాల్లోంచి వాటంతటవే కారిపోతాయి. అందులోంచి పడ్డవాడు గుండ్రంగా తిరిగి లేవలేడు. నీళ్లలో పడి, పడవను సరిచేసి, మళ్లీ దాని మీదికి ఎక్కాలి. చిన్న పడవ మీద చేపలు పట్టేవాళ్లు గట్టెక్కే విద్యంతా ఈ ఎక్కడంలోనే ఉంది. పడవ తిరగబడటం పెద్ద ప్రమాదమేమీ కాదు. తిరగబడ్డాక ఎక్కలేకపోవడమే ప్రమాదం. కాయక్‌కు వర్తించేది పుట్టికీ, తెప్పకూ, లారీ ట్యూబుకూ వర్తిస్తుంది.

ఈ విద్య అవసరం నదీతీరాలకంటే కరువు సీమలకే ఎక్కువ. కర్ణాటకలోని తుమకూరు జిల్లా ఉత్తరపు కొసన, దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశ్ పొలిమేరలతో ఉన్న పావగడ తాలూకాను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇక్కడ ఇంట్లో మాట తెలుగు, కచేరీలో కాగితం కన్నడం. ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్లకు మించని వాన. అదీ ఒక ఏడు పడితే రెండేళ్లు మొహం చాటేస్తుంది. ఊళ్ల పేర్లలో మాత్రం నీళ్లున్నాయి: రాయచెర్లు, క్యాతగానచెర్లు, బాలసముద్రం. ఆ మూడు ఊళ్ల పొలాలూ ఇప్పుడు 13,000 ఎకరాల్లో పరుచుకున్న 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కులో భాగం. నందికొండల్లో పుట్టి గౌరిబిదనూరు, హిందూపురం సీమలు దాటి వచ్చే ఉత్తర పినాకిని, అంటే పెన్న, నాగలమడక దగ్గర ఈ తాలూకాలో పారి పేరూరు డ్యాం వైపు పోతుంది. పారుతుంది అనేకంటే, పారినప్పుడు పారుతుంది అనడం సరి. ఏళ్ల తరబడి ఇసుకగా ఉండి, ఒక ఏడు కట్టలు తెంచుకునేంత వస్తుంది.

నీళ్లు అలా వచ్చిన ఏడు ఊరంతా చెరువు కట్ట మీదే ఉంటుంది. మరవ (అలుగు) పోతుంటే చూడటానికి పిల్లలను ఎత్తుకుని వస్తారు. చేపపిల్లలు వదులుతారు. కొన్ని నెలలకు కట్ల, రోహు, బంగారుతీగ అందుతాయి. పుట్టి తెలిసిన బెస్తవాళ్లు వేటకు దిగుతారు. వాళ్లను చూసి పుట్టి తెలియనివాళ్లూ దిగుతారు. చిక్కంతా ఈ రెండో జట్టుతోనే. ఒకప్పుడు ఈ సీమలో ఈత నేర్పింది చెరువు కాదు, బావి. నడుముకు మునగ బెండో, ఎండిన సొరబుర్రో కట్టి, మేనమామో పెద్దన్నో మెట్ల మీదినుంచి తోసేవాడు. నాలుగు రోజులకు బెండు విప్పేవాళ్లు. బోర్లు వెయ్యి అడుగుల లోతుకు దిగేసరికి ఆ బావులు ఎండిపోయి కంపతో నిండాయి. బావితో పాటు ఈత కూడా పోయింది. తాత బావిలో పల్టీలు కొట్టినవాడు, మనవడికి మోకాలి లోతు దాటితే ఊపిరాడదు.

ఎండి నిండిన చెరువు ఎప్పుడూ నీళ్లుండే చెరువులాంటిది కాదు. ఎండిన ఏళ్లలో దాని కడుపులో తుమ్మ మొలిచి మనిషెత్తు పెరుగుతుంది. నీళ్లొస్తే ఆ ముళ్లచెట్లు అలాగే మునిగిపోయి వలను, కాలిని, పంచె కొసను పట్టుకుంటాయి. ఇటుకలకూ పొలాలకూ మట్టి తోలుకుపోయిన జేసీబీ గుంతలు నీళ్ల కింద కనబడవు. నడుము లోతులో నడుస్తున్నవాడు తర్వాతి అడుగుకు రెండు నిలువుల లోతులో ఉంటాడు. ఒడ్డు పక్క ఒండ్రు కాలిని మోకాలి దాకా మింగుతుంది. కట్ట పక్క లోతు ఎక్కువ, రాతి పేర్పు పాచిపట్టి జారుతుంది. తూము తెరిచి ఉంటే దాని దగ్గర నీళ్లు కిందికి లాగుతాయి, పైకి ఆనవాలు కూడా ఉండదు. మరవ మీదినుంచి మోకాలి లోతు నీళ్లు దూకుతున్నా చాలు, చిన్న పడవ దాని ముందు ఆగలేదు. అందుకే తూముకూ మరవకూ పుట్టిని దూరంగా ఉంచడం పాత బెస్తవాళ్ల మొదటి నియమం.

సరిహద్దుకు అవతల అనంతపురం జిల్లాలో జరిగిన ఒక ఘటన ఈ ప్రాంతంలో చాలామందికి ఇంకా గుర్తుంది. 2017 ఏప్రిల్ 28న గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో, వై.టి. చెరువు అని పిలిచే చోట, బంధువుల ఇంటికి వచ్చినవాళ్లు సరదాగా చిన్న పడవ ఎక్కారు. అది తిరగబడి పిల్లలతో సహా పదిమందికి పైగా ఒక్కసారే పోయారు. వరద లేదు, తుపాను లేదు, నిలిచిన నీళ్లు. దేశమంతా కలిపి చూస్తే జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో నీట మునిగి పోయినవాళ్లు 38 వేలకు పైమాటే. ఇలాంటి చావులను తగ్గించడం మీద దృష్టి పెట్టాలని 2021లో ఐక్యరాజ్యసమితి జులై 25ను ఒక ప్రత్యేక దినంగా ప్రకటించింది. ఆ ప్రకటన ఇంకా చెరువు కట్టల దాకా రాలేదు.

పడవ ఎందుకు తిరగబడుతుందో తెలిస్తే సగం జాగ్రత్త వచ్చినట్టే. మనిషి బరువు ఎంత కింద ఉంటే పడవ అంత నిలకడగా ఉంటుంది. కూర్చున్నవాడి నడుము దగ్గర ఉన్న బరువు, లేచి నిలబడగానే పైకి పోతుంది. వల విసరడానికి నిలబడాలి, విసిరిన ఊపుకు ఒళ్లు తిరుగుతుంది, సరిగ్గా అప్పుడే పడవ కదులుతుంది. కాయక్ ముందు నుంచే కొంచెం కొంచెం ఊగుతూ హెచ్చరిస్తుంది. పుట్టి అలా కాదు. దాని అడుగు చదును, చుట్టూ ఒకే అంచు. ఆ అంచు నీటిమట్టానికి దిగేదాకా స్థిరంగా ఉన్నట్టే ఉంటుంది. దిగాక మాత్రం నీళ్లు ఒక్కుమ్మడిగా లోపలికి వచ్చేస్తాయి.

అన్నిటికంటే ఎక్కువగా ముంచేది చిక్కుకున్న వల. వల మునిగిన తుమ్మకు తగులుకుంటుంది. వల ఖరీదైనది, వదులుకోవాలంటే ప్రాణం ఒప్పదు. నిలబడి, పక్కకు వంగి, బలమంతా పెట్టి లాగుతారు. అటువైపు చెట్టు కదలదు కాబట్టి ఇటువైపు పడవ కదులుతుంది. వల లాగవలసి వస్తే కూర్చునే లాగాలి. కాయక్ అయితే పక్కనుంచి కాక ముందు కొననుంచో వెనక కొననుంచో లాగాలి. రెండు మూడు గుంజులకు రాకపోతే దానికో ఖాళీ సీసా కట్టి వదిలేసి రావాలి. నీళ్లు తగ్గాక వల ఎటూ పోదు. లంగరు రాయి విషయంలోనూ ఇదే. పడవ పక్కకు కట్టిన లంగరు, గాలి పెరిగినా నీళ్లు పారినా ఆ పక్కనే కిందికి తొక్కుతుంది. కొనకు కట్టాలి, ఒక్క లాగుతో ఊడే ముడి వేయాలి.

గాలి సంగతి ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పక్కనే రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది అందుకే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొద్దెక్కేకొద్దీ గాలి ముదురుతుంది. పొద్దున అద్దంలా ఉన్న చెరువు మధ్యాహ్నానికి అలలు లేపుతుంది. అనుభవం ఉన్నవాళ్లు వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్తారు, అలసి తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది. సరదాగా వెళ్లేవాడు గాలివాటున సులభంగా వెళ్లిపోయి, తిరిగి రాలేక మధ్యలో చిక్కుకుంటాడు. ఉరుము వినబడితే ఇంకేమీ ఆలోచించకుండా ఒడ్డుకు రావాలి. పరుచుకున్న నీళ్ల మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండేది పడవలోని మనిషే.

పడ్డాక మొదటి నిమిషం ఒంటికి ఏమవుతుందో చూడాలి. పుష్యమాసపు తెల్లవారుజామున చెరువు నీళ్లు 25 డిగ్రీలకంటే చల్లగా ఉంటాయి. ఒళ్లంతా ఒక్కసారి మునిగితే, తనకు తెలియకుండానే మనిషి గుక్క పీలుస్తాడు. ఆ క్షణంలో తల నీళ్ల కింద ఉంటే పీల్చేది నీళ్లనే. కాబట్టి పడుతున్నానని తెలిసిన క్షణంలో నోరు మూసి, ఒక చేత్తో నోరూ ముక్కూ కప్పుకోవడం అలవాటు చేసుకోవాలి. తేలాక మొదటి పని ఈదడం కాదు, ఊపిరి అదుపులోకి వచ్చేదాకా పడవనో బెండునో పట్టుకుని కదలకుండా ఉండటం. భయపడి చేతులు పైకెత్తితే, ఆ చేతుల బరువే తలను కిందికి దింపుతుంది.

తల నీళ్లపైన నిలవడానికి కావలసిన ఆసరా మాత్రం నమ్మలేనంత తక్కువ. మనిషి ఒళ్లు నీళ్లలో దాదాపు తేలే వస్తువే. అదనంగా మూడు నుంచి ఐదు కిలోల తేలుదల ఉంటే చాలు. తేలే జాకెట్ల మీద 50 న్యూటన్లు, 100 న్యూటన్లు అని రాసి ఉండేది ఈ లెక్కే. 50 న్యూటన్లంటే సుమారు ఐదు కిలోలు. ఈత వచ్చి, తెలివిలో ఉన్నవాడికి అది సరిపోతుంది. 100, 150 న్యూటన్ల జాకెట్లు ఎక్కువ ఆసరా ఇస్తాయి. తలవెనక మెడపట్టీ ఉన్నవి స్పృహ తప్పినవాడి మొహాన్ని కూడా పైకి తిప్పేలా చేసినవి. చేపల వేటకు చంకల దగ్గర వెడల్పుగా కోసి, చేతులకు అడ్డురాని జాకెట్ మంచిది. జాకెట్ కొనలేనివాడు మూత బిగించిన రెండు లీటర్ల ఖాళీ సీసాలు మూడు ఛాతీ మీద, రెండు వీపు మీద గట్టి గుడ్డసంచిలో కుట్టి కట్టుకున్నా పది కిలోల దాకా తేలుదల ఉంటుంది. అది మంచి జాకెట్‌కు సాటి కాదు, ఉత్త ఒంటికంటే మాత్రం ఎన్నో రెట్లు నయం. తాతల నాటి మునగ బెండు చేసిన పని కూడా అదే. ఏదైనా ఒంటి మీద ఉండాలి, పడవలో పెట్టుకున్న జాకెట్ పడవతోనే పోతుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల మీదికి రాకూడదు, అంత బిగువుగా కట్టుకోవాలి.

బట్టలు కూడా ప్రాణానికి సంబంధించినవే. లుంగీ తడిసి కాళ్లకు చుట్టుకుంటే ఈతగాడు కూడా కాళ్లు ఆడించలేడు. నిక్కరు మంచిది. పంచె అయితే గోచీ బిగించాలి. బూట్లు వద్దు, తుమ్మముళ్లు ఉన్నాయి కాబట్టి పట్టీతో బిగించే చెప్పులు ఉండాలి. విసురువల తాడును మణికట్టుకు ముడి వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. వల లోతులో తగులుకుంటే ఆ ముడే మనిషిని కిందికి కట్టేస్తుంది. వేలు ఆడిస్తే జారిపోయే వదులు ఉచ్చుగా ఉంచుకోవాలి. జాకెట్‌కు ఒక చిన్న కత్తి, ఒక ఈల ఎప్పుడూ వేలాడాలి. ఈల శబ్దం నీళ్ల మీద మనిషి కేకకంటే దూరం పోతుంది, గొంతు అలసిపోయినా అది అలసిపోదు.

ఇక ఎక్కే పద్ధతి. కాయక్ బోల్తాపడి, మనిషి దాని పక్కన తేలుతున్నాడు అనుకుందాం. ముందు ఒక చెయ్యి పడవ మీద. తెడ్డు, చేపలబుట్ట, ఫోను ఏది కొట్టుకుపోతున్నా వాటి వెంట పోకూడదు. గాలికి ఖాళీ పడవ మనిషి ఈతకంటే వేగంగా పోతుంది, ఒకసారి చెయ్యి వదిలితే మళ్లీ దొరకదు. గాలి ఎటునుంచి వస్తోందో చూసి ఆ పక్కకు చేరాలి. లేకపోతే అల పడవను ఎత్తి తల మీదికి తోస్తుంది.

తిరగబడిన పడవ అడుగు మీదుగా చెయ్యి చాపి అవతలి అంచునో, అక్కడి పిడినో, అడుగు రంధ్రాన్నో పట్టుకోవాలి. మోకాలు ఇవతలి అంచుకు ఆన్చి, ఒంటి బరువంతా వెనక్కి వాల్చి లాగితే పడవ తిరుగుతుంది. మీద పడుతుంది కాబట్టి తల పక్కకు తప్పించాలి. చెయ్యి అందని పొట్టివాళ్లకు అవతలి అంచుకు కట్టిన మూరెడు తాడు ఎంతో ఉపకారం చేస్తుంది.

తర్వాతి పనిలోనే నూటికి తొంభైమంది తప్పు చేస్తారు. గోడ ఎక్కబోయినట్టు, నిలువుగా వేలాడి, చేతుల బలంతో ఒంటిని పైకి లాగబోతారు. నిలువుగా ఉన్నంతసేపూ కాళ్లు పడవ కిందికి పోతాయి, పడవ మీదికి ఒరిగి మళ్లీ బోర్లా పడుతుంది. చేయాల్సింది వేరు. రెండు చేతులూ పడవ నడిమధ్య ఉంచి, కాళ్లు వెనక్కి చాపి, ఈత కొడుతున్నట్టు గట్టిగా తన్నాలి. ఒళ్లు నీళ్ల మీద పరుపు పరిచినట్టు చదునుగా తేలేదాకా తన్నాలి. అప్పుడు పడవను కిందికి, తనవైపుకు లాక్కుంటూ ఒక్క తన్నుతో ముందుకు దూసుకుపోవాలి. ఎక్కడం అనడంకంటే, పడవను పొట్ట కిందికి తెచ్చుకోవడం అనాలి. బొడ్డు పడవ నడిమధ్యకు వచ్చాక ఆగాలి. పొట్ట మీద అడ్డంగా, కాళ్లు ఇటు, తల అటు వేలాడుతూ నాలుగు ఊపిర్లు తీసుకోవాలి. ఆ స్థితిలో పడవ నిలకడగానే ఉంటుంది. ఊపిరి కుదిరాక మెల్లగా వెల్లకిలా తిరిగి పిరుదులను పీట మీద చేర్చాలి. కాళ్లు చివర లోపలికి తెచ్చుకోవాలి. మోకాళ్ల మీద లేచే తొందర పనికిరాదు, అక్కడే మళ్లీ పడేది.

చేతుల్లో బలం లేనివాళ్లు, వయసు మీదపడ్డవాళ్లు, లావుపాటివాళ్లు ఒక తాడు ఉచ్చు ఉంచుకుంటే మేలు. దాని ఒక కొస పడవ అవతలి అంచుకు కట్టి, పడవ మీదుగా ఇవతలికి వేస్తే, నీళ్లలో మోకాలి దగ్గర వేలాడే ఉచ్చు గుర్రపు రికాబులా మెట్టుగా ఉపయోగపడుతుంది. అక్కర తీరగానే దాన్ని చుట్టి పెట్టేయాలి, వేలాడే తాడు కాలికి ఉరి. లోపల కూర్చునే రకం కాయక్‌తో ఇంకో చిక్కు ఉంది. తిరగబడితే దానిలో వంద లీటర్లకు పైగా, అంటే వంద కిలోలకు పైగా నీళ్లు చేరుతాయి. నీళ్లు తోడే పంపు, ముందూ వెనకా గాలి గదులు లేకపోతే అలాంటి దాన్ని లోతు నీళ్లలో ఒంటరిగా తేరుకునేలా చేయడం కష్టం. అలాంటి పడవల్లో తెడ్డు ఒక చివర గాలిసంచి కట్టి, రెండో చివర పడవ మీద ఆన్చి, పక్క ఊతంలా వాడుకుని ఎక్కుతారు.

పుట్టికి ఇదే సూత్రం, పద్ధతి కొంచెం వేరు. గుండ్రని పడవ కాబట్టి ఏ పక్కన పట్టుకుని లాగినా ఆ అంచు మునిగి నీళ్లు తీసుకుంటుంది. ఇద్దరు పడితే మార్గం సులభం. ఒకరు అవతలి అంచును పట్టుకుని నీళ్లలోకి వేలాడాలి, రెండోవారు సరిగ్గా ఎదురుగా పొట్ట మీదుగా ఎక్కాలి. ఎక్కినవారు మధ్యలో చతికిలబడి, తర్వాత ఎదుటి అంచుకు ఒరిగి రెండోవారిని ఎక్కించుకోవాలి. పడ్డవాళ్లంతా ఒకే పక్క వేలాడటం మాత్రం పుట్టినీ మనుషులనూ కలిపి ముంచుతుంది. ఒంటరిగా పడితే, పుట్టి బోర్లాపడి ఉంటే, దాన్ని తిప్పే ప్రయత్నంలో అలసిపోవడంకంటే దాని బోర్లించిన అడుగు మీదికి పొట్టతో పాకి పట్టుకుని ఉండటం మంచిది. కింద చిక్కుకున్న గాలి కొంతసేపు తేలుస్తుంది. ఎంతసేపన్నది పుట్టిని బట్టి ఉంటుంది. వెదురు పుట్టి నీళ్లు నిండినా అంచుల దాకా మునిగి తేలుతుంది. ఉత్త ఫైబర్ పుట్టి నిండితే నేరుగా అడుగుకు పోతుంది. దానికి అంచు లోపల చుట్టూ మూతలు బిగించిన ఐదు లీటర్ల నూనె డబ్బాలు నాలుగైదు కట్టి ఉంచితే మునగదు. ఖర్చు లేని ఈ చిన్న పనికి ఏ పుట్టి యజమానీ వెనకాడకూడదు.

థర్మాకోల్ తెప్ప, లారీ ట్యూబు పేదవాడి పడవలు. తెప్ప మునగదు, కానీ చాలా తేలిక. మనిషి జారిపడ్డ మరుక్షణం గాలి దాన్ని పది గజాలు తోసేస్తుంది. నడుముకు సులభంగా ఊడే ముడితో ఒక చిన్న తాడు, అవతలి కొస తెప్పకు, ఉంటే అది పారిపోదు. ట్యూబుకు తుమ్మముల్లే శత్రువు. ఒక్క ట్యూబు మీద లోతుకు పోవడమంటే ఒక్క ముల్లు మీద ప్రాణం పెట్టడం. రెండు కలిపి కట్టినదైతే ఒకటి పోయినా రెండోది ఒడ్డు చేరుస్తుంది.

ఎక్కే ప్రయత్నం ప్రతిసారీ ఒంట్లో బలాన్ని తినేస్తుంది. మూడుసార్లకు కుదరకపోతే ఆపాలి. పడవను వదలకుండా, దాని మీద ఛాతీ ఆన్చి, కాళ్లు వదులుగా పెట్టి, ఆగి ఆగి ఈల ఊదాలి. ఒడ్డు దగ్గరగా కనబడుతోందని ఈదుకుంటూ బయలుదేరినవాళ్లే ఎక్కువగా పోతారు. నీళ్ల మీద దూరం ఎప్పుడూ తక్కువగా కనిపిస్తుంది. వెతికేవాళ్ల కళ్లకు నీళ్లలో తల కనబడదు, పడవ కనబడుతుంది. అయినా వెతకాలంటే ముందు ఎవరికైనా తెలియాలి. ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగి వస్తామో ఇంట్లో చెప్పి వెళ్లడం, ఆ వేళకు రాకపోతే 112కు ఫోన్ చేయమనడం అందుకే. చీకట్లో వల తీయడానికి ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మందు తాగి పడవ ఎక్కకూడదన్నది చెప్పాల్సిన పని లేదనిపిస్తుంది, అయినా చెప్పక తప్పదు.

ఇదంతా చదివితే వచ్చేది కాదు. పావగడ చెరువులే దీనికి మంచి బడి. వేసవిలో నీళ్లు తగ్గి, అడుగు గట్టిగా ఉన్న చోట ఛాతీ లోతు నీళ్లలో, పక్కన ఈత వచ్చిన ఒకరిని నిలబెట్టుకుని, వేటకు వెళ్లే బట్టలతోనే, కావాలని పడవను బోల్తా కొట్టి ఎక్కాలి. ఆ చోట ముందుగా కర్రతో అడుగు తడిమి గుంతలూ కంపా లేవని చూసుకోవాలి. రెండు పక్కలనుంచీ ఎక్కాలి, కాళ్లు నేలకు ఆన్చకుండా ఎక్కాలి. అలసిపోయాక కూడా ఒకసారి ఎక్కగలిగితే అప్పుడు లోతుకు వెళ్లొచ్చు. వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టులో, విశాఖ రుషికొండలో కాయక్ నడిపే అవకాశం ఉంది. అలాంటి చోట్లకు సరదాకు వెళ్లినప్పుడు కూడా నడిపించేవాళ్లను ఈ ఒక్క పాఠం అడిగి నేర్చుకోవడం మంచిది.

ఒడ్డున ఉన్నవాళ్ల పనీ ఉంది. మునిగిపోతున్నవాడు సినిమాల్లోలా కేకలు పెట్టడు. ఊపిరికే చాలని నోరు అరవలేదు. తల వెనక్కి వాలి, నోరు నీటిమట్టానికి ఉండి, చేతులు రెండు పక్కలా నీళ్లను కిందికి అదుముతుంటాయి. ఇలా నిశ్శబ్దంగా ఒక నిమిషం కూడా నిలవకుండా మునిగిపోవచ్చు. చూసినవాళ్లు వెంటనే దూకకూడదు. భయంలో ఉన్నవాడు దొరికినదాన్నల్లా పట్టుకుని ఎక్కబోతాడు, అలా ఇద్దరూ పోతారు. కర్ర చాపాలి, తాడో మూత బిగించిన బిందో విసరాలి. 2020 ఆగస్టులో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర ముగ్గురు మహిళలు కట్టుకున్న చీరలు విప్పి ముడివేసి విసిరి ఇద్దరు యువకులను ఒడ్డుకు లాగారు. ఒంటి మీదున్న ఆరు గజాల గుడ్డ చెయ్యి అందని దూరాన్ని అందుకుంటుంది.

ఒడ్డుకు తెచ్చినవాడిని తలకిందులుగా ఎత్తి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం పల్లెల్లో ఇంకా పోలేదు. అవి మేలు చేయకపోగా, కడుపులోని నీళ్లనూ తిన్నదాన్నీ ఊపిరితిత్తుల్లోకి తోస్తాయి. ఊపిరి తీస్తుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తీయకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఊదాలి. నీళ్లలో మునిగినవాడికి మొదట కరువైంది గాలి కాబట్టి ఈ వరస. ఆ తర్వాత ఛాతీ నడిమధ్య రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు అంగుళాలు దిగేలా, సెకనుకు రెండు చొప్పున 30 సార్లు నొక్కి, రెండు ఊపిర్లు ఊదాలి. 108 వచ్చేదాకా ఆపకుండా అలాగే చేయాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. లోపలికి పోయిన నీళ్లు ఊపిరితిత్తులను దెబ్బతీసిన ఆనవాళ్లు కొన్ని గంటల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. దగ్గు ఆగకపోయినా, ఆయాసం పెరిగినా, మనిషి మగతగా ఉన్నా డాక్టరు కళ్లముందే ఉండాలి.